లోపాన్ని వెదకడమూ చదువే

తెలుగు పాఠం చెప్పుకొనేవారికి కరెంటు పెట్టెలతో ఏమి పని అని మిత్రులు కొందరు ఇదివరకే మమ్మల్ని అడిగినారు. ప్రశ్న న్యాయమైనదే. మేము చదివినది తెలుగులో ఎం.ఏ. విశ్వవిద్యాలయంలో మాకు నేర్పినవి ఛందస్సు, వ్యాకరణం, కావ్యాలు. అయితే అంతకు చాలా ముందే, మా అబ్బాగారి రేడియో మరమ్మతు దుకాణంలో ఎత్తు స్టూలు మీద కూర్చొని టంకం వేసిన చేతులు ఇవి. ఆ దుకాణం ఈనాడు లేదు. రేడియోలు బాగు చేయించుకొనేవారు కరవై మూతబడినది. కాని ఈ సంవత్సరం మన కళాశాలలో జరిగిన ఒక చిన్న సంగతి వల్ల ఆ దుకాణం, అందులో నేర్చుకొన్న పాఠం మాకు మళ్ళీ జ్ఞాపకం వచ్చినవి. ఆ సంగతిని విద్యార్థుల ముందు, కార్యవర్గం పెద్దల ముందు ఉంచడం మా ధర్మమని తోచి ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

యాసంగి నాట్లు సాగుతున్న రోజులలో మన కళాశాలలో విజ్ఞాన ప్రదర్శన జరిగినది. దానికి నాలుగు రోజుల ముందు బి.ఎస్సీ. రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు మా గదికి వచ్చినాడు. బీర్కూరు వైపు పల్లె అతనిది. చేతిలో ఒక పెద్ద అట్ట ఉన్నది. దాని మీద తాను తయారు చేసిన విద్యుత్ సరఫరా పెట్టె బొమ్మ గీసి, ఒక ప్రక్క తెలుగులో, ఒక ప్రక్క ఉర్దూలో భాగాల పేర్లు వ్రాసినాడు. అక్షరదోషాలు దిద్దమని అడుగ వచ్చినాడు. ట్రాన్స్‌ఫార్మరుకు పరివర్తకం, రెక్టిఫయరుకు ఏకధిక్కరణి అని తెలుగులో పొందికగా వ్రాసినాడు. నిరోధానికి ఎదురుగా ఉర్దూలో ‘మజాహమత్’ అని ఉన్నది. అట్ట చూడముచ్చటగా ఉన్నది. దిద్దవలసినవి రెండో మూడో ఒత్తులు మాత్రమే.

అట్ట తిరిగి ఇస్తూ, “పెట్టె బాగా పనిచేస్తున్నదా?” అని అడిగినాము. మాట వరుసకు అడిగిన ప్రశ్న అది. అతడు కొంతసేపు నేల చూపులు చూచి, “బల్ల మీద పనిచేసింది సార్. డబ్బాలో బిగించినంక ఫ్యూజు పోతున్నది. రికార్డులో మాత్రం రీడింగులు రాసేసిన” అన్నాడు.

రికార్డు పుస్తకం తెప్పించి చూచినాము. ప్లస్ 12.00 వోల్టులు, మైనస్ 12.00 వోల్టులు, భారం 300 మిల్లీ యాంపియర్లు అని చక్కని దస్తూరీతో వ్రాసి ఉన్నది. పెట్టె తెరిస్తే ఫ్యూజు ఉండవలసిన చోట విద్యుత్ తీగలోనుంచి లాగిన రాగి పోగు ఒకటి చుట్టి ఉన్నది. ట్రాన్స్‌ఫార్మరు నుంచి వార్నిష్ మాడిన వాసన వస్తున్నది. ఈ మూడింటిలో మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టినది మాడిన వాసన కాదు, ఆ చక్కని దస్తూరీ.

ముందు ఈ పెట్టె ఏమిటో, ఎందుకో చెప్పవలసి ఉన్నది. మన ఇళ్ళకు వచ్చే విద్యుత్తు 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. సెకనుకు 100 మారులు అది దిక్కు మార్చుకొంటుంది. ధ్వనిని పెంచే యాంప్లిఫయర్లకు, ప్రయోగశాలలో వాడే 741 వంటి ఐ.సి.లకు ఈ విద్యుత్తు పనికిరాదు. వాటికి స్థిరమైన ఏకముఖ విద్యుత్తు కావలె. అదీ రెండు విధాలుగా కావలె: ఒక మధ్యబిందువును సున్నగా పెట్టుకొని, దానికంటె 12 వోల్టులు పైన ఒకటి, 12 వోల్టులు క్రింద ఒకటి. ధ్వని తరంగం సున్నకు పైకి ఎంత పోతుందో క్రిందికీ అంత పోతుంది కదా! పైకి మాత్రమే త్రోవ ఇచ్చి క్రింది త్రోవ మూసివేస్తే సగం ధ్వని తెగిపోతుంది. ఋణం అనే మాట వినగానే మనకు అప్పు జ్ఞాపకం వస్తుంది. విద్యుత్తులో ఋణం అప్పూ కాదు, లోపమూ కాదు. సున్న ఎక్కడ ఉన్నదో నిశ్చయించుకొన్న తరువాత రెండవ దిక్కుకు పెట్టుకొన్న పేరు మాత్రమే.

ఆ విద్యార్థి తెచ్చిన సామాను అందరూ వాడేదే. 12-0-12 వోల్టుల ఒక యాంపియరు ట్రాన్స్‌ఫార్మరు, 1ఎన్ 4007 డయోడులు నాలుగు, 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు రెండు, ధన పక్షానికి 7812 ఐ.సి., ఋణ పక్షానికి 7912 ఐ.సి. ఇందుకోసం హైదరాబాదు బస్సెక్కి కోఠిలోని గుజరాతీ గల్లీ దాకా పోయి వచ్చినాడు. ఫ్యూజు పోయిన ప్రతిసారీ ‘ఐ.సి. పోయింది’ అనుకొని కొత్త 7912 వేసినాడు. ఆ విధంగా మూడు ఐ.సి.లు చెత్తబుట్ట పాలైనవి. తరువాత పరీక్షించి చూస్తే మూడూ నిక్షేపంగా ఉన్నవి!

మా అబ్బాగారు దుకాణానికి రేడియో వస్తే వెంటనే దాని మూత విప్పేవారు కారు. హకీము నాడి పట్టే ముందు అడిగినట్టు, తెచ్చిన మనిషిని రెండు ప్రశ్నలు అడిగేవారు. ఎప్పటినుంచి ఇట్లా ఉన్నది? ఏమి చేసిన తరువాత ఇట్లా అయినది? సగం జబ్బు ఆ రెండవ ప్రశ్నకు వచ్చే జవాబులోనే దొరికేది. మేమూ అదే ప్రశ్న అడిగినాము. జవాబు అతడు ముందే చెప్పి ఉన్నాడు. బల్ల మీద పనిచేసినది, పెట్టెలో బిగించిన తరువాత చెడిపోయినది. అంటే లోపం ఐ.సి.లో కాదు, బిగింపులో ఉన్నది. తన నోటితో తానే చెప్పిన సాక్ష్యాన్ని అతడు తానే వినలేదు.

రాగి పోగు తీసివేసి సరియైన ఫ్యూజు వేయించినాము. ఈ ట్రాన్స్‌ఫార్మరు శక్తి 24 వోల్టు-యాంపియర్లు. దానిని 230తో భాగిస్తే నిండు భారం మీద మెయిన్సు నుంచి అది తీసుకొనేది ఒక యాంపియరులో పదోవంతు మాత్రమే. అటువంటి దానికి పావు యాంపియరు ఫ్యూజు చాలును. రాగి పోగు దానికి ఎన్నో రెట్లు తాళుతుంది. అంటే పోగు మిగిలి ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది, ఇంకా పోతే ఇల్లు కాలుతుంది. ఫ్యూజు మాటిమాటికి పోతున్నదంటే అది మనల్ని విసిగించడానికి కాదు. లోపల ఏదో జరుగుతున్నదని కేక వేస్తున్నది. కేక వేసేవాని నోరు మూసినంత మాత్రాన దొంగ పారిపోడు.

తరువాత సీరీస్ బోర్డు కట్టినాము. ఒక 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బును మెయిన్సుకు, పెట్టెకు నడుమ వరుసగా కలపడమే సీరీస్ బోర్డు. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, ఎక్కువ విద్యుత్తును తానే అడ్డుకొని పెట్టెను కాపాడుతుంది. లోపల అంతా సవ్యంగా ఉంటే ఒక్కసారి మెరిసి, కెపాసిటర్లు నిండగానే మందగిస్తుంది. మా పెట్టెకు బల్బు భగ్గున వెలిగినది. స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీసి, కెపాసిటర్లలో మిగిలిన విద్యుత్తును ఒక నిరోధకం ద్వారా ఖాళీ చేసి, 7912ను అల్యూమినియం రేకుకు పట్టి ఉంచిన ఒక్క మరను విప్పినాము. ఐ.సి.ని రేకుకు దూరంగా ఉంచి మళ్ళీ స్విచ్చి వేసినాము. బల్బు మెరిసి మందగించినది.

కారణం ఇది. 7812, 7912 చూపుకు కవల పిల్లలు. కాని ‘అందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి’ అన్నట్లు 7912 వరుస వేరు. అక్షరాలు మనవైపు ఉండేట్లు పట్టుకొంటే 7812కు ఎడమ కాలు రాక, నడిమి కాలు సున్న, కుడి కాలు పోక. 7912కు ఎడమ కాలు సున్న, నడిమి కాలు రాక, కుడి కాలు పోక. ఈ భేదం ఆ విద్యార్థికి తెలుసు, కాళ్ళు సరిగానే కలిపినాడు. తెలియనిది రెండవ భేదం. రెండింటికీ వీపున ఉండే లోహపు రేకు లోపల నడిమి కాలికి అతుక్కొని ఉంటుంది. కాబట్టి 7812 వీపు సున్న. 7912 వీపు మాత్రం రాక, అంటే మైనస్ 16 వోల్టులు. ఈ రెండు వీపులనూ వేడి పోవడానికని ఒకే అల్యూమినియం రేకుకు బిగిస్తే ఋణ పక్షాన్ని తీసికొనిపోయి సున్నకు ముడివేసినట్లే. బల్ల మీద రేకు లేదు కాబట్టి పనిచేసినది.

మందు చాలా చవక. ఐ.సి.కి, రేకుకు నడుమ పలుచని అభ్రకపు పలక ఒకటి, మరకు ప్లాస్టిక్ తొడుగు ఒకటి. గూడూరు ప్రాంతపు గనులకు పేరు తెచ్చిన అభ్రకమే అది. వేడిని పోనిస్తుంది, విద్యుత్తును పోనివ్వదు. కోఠిలో ఇది చిల్లరతో దొరికే వస్తువు. అది వేయగానే మీటరులో ఒక ప్రక్క 12.0, ఇంకొక ప్రక్క మైనస్ 12.0 కనబడినవి. విద్యార్థి ముఖం వెలిగినది. “రికార్డులో రాసింది సరిపోయింది సార్!” అన్నాడు.

సరిపోలేదు. అతడు వ్రాసినది 300 మిల్లీ యాంపియర్ల భారం మీది లెక్క. మేము చూచినది భారం లేకుండా, ప్రొద్దుటి పూట. సాయంత్రం దాకా ఆగుదామని చెప్పినాము.

సాయంత్రం అయిదున్నరకు యాంప్లిఫయరు తగిలించి చూచినాము. స్పీకరులో గుయ్యిమని రొద. మీటరులో ధన పక్షం 9.4. మెయిన్సు కొలిస్తే 180 వోల్టులు. నాట్ల రోజులు, చుట్టూ బోరు మోటార్లు నడుస్తున్నవి, ఇళ్ళలో దీపాలు వెలిగినవి. ఈ వోల్టేజి మన ప్రాంతం వారికి కొత్త కాదు. విద్యార్థి మళ్ళీ, “ఐ.సి. పోయిందేమో” అన్నాడు. మేము నవ్వి, “నిజాంసాగర్ చూచినావు కదా, పద, అక్కడికి పోదాము” అన్నాము. అక్కడికి పోవడం అంటే కాగితం మీదనే.

మంజీర నది మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మన ప్రాంతానికి అన్నం పెట్టిన ప్రాజెక్టు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ వంటి ఇంజనీరు దానికి సారథి. వాన ఎప్పుడో నాలుగు రోజులు కురుస్తుంది, పొలానికి నీరు రోజూ కావలె. ఈ రెంటికీ నడుమ జలాశయం నిలబడుతుంది. కరెంటు పెట్టెలో ఆ జలాశయం కెపాసిటరు. డయోడులు దాటి వచ్చే విద్యుత్తు సెకనుకు 100 అలలుగా వస్తుంది. అల వచ్చినప్పుడు కెపాసిటరు నిండుతుంది, రెండు అలల నడుమ తాను ఖాళీ అవుతూ భారాన్ని పోషిస్తుంది. 7812 ఐ.సి. ఏమిటంటే కాలువకు పెట్టిన తూము. లోపల నీటిమట్టం ఎంత ఊగినా బయటికి ఒకే మట్టాన వదలడం దాని పని. అయితే చెరువులో లేని మట్టాన్ని ఏ తూమూ కాలువకు ఇయ్యలేదు. 12 వోల్టులు బయటికి రావాలంటే లోపల కనీసం 14 వోల్టులు నిలబడి ఉండవలె.

ఇప్పుడు లెక్క చూడండి. ట్రాన్స్‌ఫార్మరు ఒక ప్రక్క ఇచ్చే 12 వోల్టుల శిఖరం 1.414 రెట్లు, అంటే దాదాపు 17. డయోడు తన సుంకం తీసుకొంటే 16 చిల్లర. భారం 300 మిల్లీ యాంపియర్లు, కెపాసిటరు 1000 మైక్రోఫారడ్లు అయితే రెండు అలల నడుమ మట్టం సుమారు 3 వోల్టులు దిగుతుంది. అంటే మెయిన్సు నిండుగా 230 ఉన్నప్పుడే అడుగు మట్టం 13 దగ్గరకు వస్తుంది. తూముకు కావలసిన 14 లేదు. అందుకే రొద. ఇక మెయిన్సు 180 అయితే శిఖరమే 12న్నరకు పడిపోతుంది. అప్పుడు 9.4 రావడంలో ఆశ్చర్యం ఏమున్నది? ఐ.సి. పోలేదు. చెరువు చిన్నది, వరద తక్కువ.

జలాశయం మాట వచ్చినది కాబట్టి ఇంకొక సంగతి కూడా చెప్పుకోవలె. నిజాంసాగర్ కట్టిన నాటి నిలువ సామర్థ్యం దాదాపు 30 టీ.ఎం.సీ.లు. పూడిక చేరి అది 17.8 టీ.ఎం.సీ.లకు తగ్గినది. పాత కాగితాలలోని అంకెను నమ్మి నాట్లు వేయించితే పొలం ఎండుతుంది. కెపాసిటరుదీ అదే గతి. వంటి మీద 1000 అని అచ్చు వేసి ఉంటుంది. వేడికి, వయస్సుకు లోపలి ద్రవం ఎండిపోయి అది 500 కూడా కాకపోవచ్చు. అచ్చు అట్లాగే ఉంటుంది. కాబట్టి అచ్చువేసిన అంకె కాదు, కొలిచిన అంకె ప్రమాణం.

మరునాడు 15-0-15 ట్రాన్స్‌ఫార్మరు, 35 వోల్టులు తాళే 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు తెప్పించినాము. ఇప్పుడు మెయిన్సు 180కి పడిపోయినా శిఖరం 16న్నర దాటుతుంది, దిగుడు ముప్పాతిక వోల్టు లోపల ఉంటుంది, తూము పైన 15 వోల్టులు మిగులుతవి. మెయిన్సు నిండుగా ఉన్నప్పుడు మిగిలే వోల్టేజి అంతా వేడిగా మారుతుంది కాబట్టి అల్యూమినియం రేకును పెద్దది చేయించినాము. ఆ సాయంత్రం రొద లేదు. మీటరు 11.9 చూపినది. ఈసారి అతడు 12.00 అని వ్రాయలేదు, 11.9 అనే వ్రాసినాడు.

కాని పాత పుట సంగతి మిగిలినది. “దాన్ని కొట్టేసి 9.4 అని రాస్తే మార్కులు తగ్గుతయా సార్?” అని అడిగినాడు. తగ్గవు అని మేము హామీ ఇవ్వలేకపోయినాము. ఈ వ్యాసం వ్రాయించినది ఆ మౌనమే.

అతడు అబద్ధాలకోరు కాడు, కష్టజీవి. అయినా పనిచేయని పెట్టెకు పనిచేసినట్లు రీడింగులు వ్రాసినాడంటే, అట్లా వ్రాయడం తప్పు అని అతనికి ఇంతవరకు ఎవరూ చెప్పలేదన్న మాట. సీనియర్ల రికార్డు చూచి జూనియర్లు వ్రాస్తారు. ఫలితం రావలసిన చోట రావలసిన ఫలితం ఉంటే సంతకం పడుతుంది. మేము కూడా ఉపాధ్యాయులమే, ఈ తప్పులో మాకూ భాగం ఉన్నది. తెలుగు పరీక్షలో పద్యం చదవకుండా తాత్పర్యం కంఠస్థం చేసి వ్రాసినవానికి మేమూ మార్కులు వేసినవారమే. కాని కాగితం మీది తాత్పర్యం ఎవరి ప్రాణానికీ ముప్పు తేదు. విద్యుత్తు తెస్తుంది. రేపు ఈ పిల్లలే ఆసుపత్రిలో యంత్రాలు చూస్తారు, సబ్‌స్టేషనులో మీటర్లు చదువుతారు. 9.4 ఉన్న చోట 12 అని వ్రాసే అలవాటు మన ప్రయోగశాలలో మొదలైతే ఎక్కడ ఆగుతుంది?

విజ్ఞాన చరిత్రలో ఇందుకు ఒక మంచి నిదర్శనం ఉన్నది. ఓమ్ నియమం చదవని విద్యార్థి లేడు. ఆ జార్జ్ ఓమ్ కొలోన్ నగరంలో బడిపంతులు. 1825లో అతడు ప్రకటించిన మొదటి సూత్రం తప్పు. కారణం అతని విద్యుత్ సరఫరా. ఆనాటి వోల్టా ఘటం వోల్టేజి నిలకడగా ఉండేది కాదు, భారం మారితే మారిపోయేది. పోగెన్‌డార్ఫ్ సలహా మీద అతడు ఆ ఘటాన్ని వదలి, ఒక కొన మరిగే నీటిలో, ఒక కొన మంచులో ఉంచిన ఉష్ణయుగ్మాన్ని వాడినాడు. అప్పుడు సరఫరా నిలబడినది, 1826లో అతనికి సరియైన ఫలితాలు దొరికినవి, 1827లో గ్రంథం వెలువడినది. సరఫరాలోని లోపాన్ని కప్పిపుచ్చి ఉంటే ఆ నియమానికి ఈనాడు అతని పేరు ఉండేది కాదు. తప్పు ప్రకటించడం అతనికి అవమానం కాలేదు. దిద్దుకొనడం కీర్తి అయినది.

ప్రదర్శన ముగిసిన తరువాత కార్యవర్గంలోని పెద్దలు ఒకరు, “ఇంత యాతన ఎందుకు? బజారులో తయారైన పెట్టెలు దొరుకుతవి, నాలుగు కొని పడేద్దాము” అని దయతో అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. పరీక్షల నాడు అందరికీ ఒకే విధమైన, నమ్మదగిన పరికరం కావలె. 230 వోల్టులతో పిల్లలను ఒంటరిగా వదలడం ప్రమాదం. అందుచేత పరీక్షల కోసం కొన్నిటిని కొనడానికి మాకు అభ్యంతరం లేదు. కాని కొన్న పెట్టె మూత ఎవరూ తెరవరు. అది చెడినప్పుడు అటక ఎక్కుతుంది. మన ప్రయోగశాల అటక మీద ఇప్పుడు ఎన్ని ఉన్నవో పెద్దలు ఒకసారి ఎక్కి చూడవలెనని మనవి. తయారు చేసిన పెట్టె విద్యార్థికి మూడు రోజులలో మూడు పాఠాలు చెప్పినది. కొన్న పెట్టె ఆ మూడింటినీ దాచి ఉంచేది.

హైదరాబాదులో 1967లో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడినప్పుడు, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు దానికి ప్రాణం పోసినారు. టెలివిజన్లు, కంప్యూటర్లు ఈ దేశంలోనే చేయగలమన్న నమ్మకం అక్కడ నిలబడినది. అటువంటి నమ్మకం కొనుగోలు రసీదుల నుంచి రాదు.

మా మనవి నాలుగు మాటలలో చెప్పుతాము. మొదటిది, వారానికి ఒక పీరియడు లోపశోధనకు కేటాయించవలె. అధ్యాపకుడు ఒక పెట్టెలో తానే ఒక లోపం పెట్టి ఇవ్వవలె. విద్యార్థి దానిని వెదకి, ఏ వరుసలో వెదకినాడో వ్రాయవలె. రెండవది, రికార్డులో ‘రావలసినది’, ‘వచ్చినది’, ‘తేడాకు కారణం’ అని మూడు గడులు ఉండవలె. మూడవ గడికి మార్కులు ఉండవలె. అప్పుడు 9.4 వ్రాసినవాడు నష్టపోడు. మూడవది, రెండు మంచి మీటర్లు, ఒక సీరీస్ బోర్డు, ఒక పెట్టెడు ఫ్యూజులు, కొన్ని అభ్రకపు పలకలు కావలె. వీటన్నిటి ఖర్చు వార్షికోత్సవం షామియానా కిరాయిలో సగం కూడా కాదని మా అంచనా. ఈ పని అంతా అధ్యాపకుని ఎదుటనే జరుగవలె. మూత తెరిచే ముందు ప్లగ్గు ఊడవలె, కెపాసిటరు ఖాళీ కావలె.

నాలుగవది మా శాఖకు సంబంధించినది. 1917లో హైదరాబాదులో ఏర్పడిన దారుల్ తర్జుమా విజ్ఞాన శాస్త్రాలకు ఉర్దూ మాటలు కూర్చి పెట్టినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ అదే పని తెలుగుకు చేసినది. ఆ రెండు సంపదలకూ మన కళాశాల వారసురాలు. అయితే ఏకధిక్కరణి అని తప్పు లేకుండా వ్రాసిన పిల్లవాడు, డయోడు మీది తెల్ల పట్టీ ఏ కొనను సూచిస్తుందో అడిగితే తడబడినాడు. మాట పుస్తకంలో, వస్తువు బల్ల మీద, రెంటి నడుమ తీగ తెగి ఉన్నది. కాబట్టి ప్రయోగశాల గోడ మీద వస్తువునే అంటించి, క్రింద దాని తెలుగు పేరు, ఉర్దూ పేరు, బజారులో పిలిచే పేరు మూడూ వ్రాసి పెట్టవలె. ఆ అట్ట వ్రాసే పని మేము ఆనందంగా చేస్తాము.

ప్రియ విద్యార్థులారా, మీకు ఒకే మాట. ఫ్యూజు పోతే రాగి పోగు చుట్టకండి, ముందు కారణం అడగండి. ఒక్కసారి ఒక్క భాగాన్నే మార్చండి. రెండు మారిస్తే ఏది బాగు చేసినదో, ఏది చెడగొట్టినదో మీకే తెలియదు. మీటరు నల్ల తీగను సున్న మీద స్థిరంగా నిలిపి, ఎర్ర తీగను మెయిన్సు వైపు నుంచి ఒక్కొక్క అడుగే ముందుకు జరపండి. భారం లేనప్పుడు చూచిన అంకెతో తృప్తి పడకండి. మనిషి అయినా యంత్రం అయినా భారం మీదనే తెలుస్తుంది. వచ్చిన అంకెనే వ్రాయండి.

ఆ విద్యార్థి పాత పుటను చింపలేదు. 12.00 మీద ఒక గీత గీసి, ప్రక్కన 9.4 అని వ్రాసి, క్రింద ‘కెపాసిటరు చాలలేదు, మెయిన్సు 180’ అని రెండు భాషలలో చేర్చినాడు. అతనికి ఎన్ని మార్కులు వస్తవో ఈ వ్యాసం వ్రాసే నాటికి మాకు తెలియదు. ఆ గీతకు విలువ కట్టవలసినది మనమే. కార్యవర్గం పెద్దలు మా మనవిని వచ్చే విద్యా సంవత్సరం మొదలు కాకముందే ఆలోచించగలరని ఆశిస్తూ సెలవు తీసుకొంటున్నాము.